జన్యువును అక్షరం అక్షరం పేర్చిన హరగోబింద్ ఖొరానా

కృత్రిమంగా జన్యువును తయారుచేసిన శాస్త్రవేత్త ఎవరు? ఈ బిట్టు మనలో చాలామందికి పరిచయమే. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే మన సీనియర్లు దీన్ని ఎన్నోసార్లు దాటి ఉంటారు. నాలుగు పేర్లలో ఖొరానా దగ్గర టిక్కు పెట్టి తర్వాతి బిట్టుకు వెళ్ళిపోతాం. ఆ టిక్కు వెనుక ఉన్న మనిషి ఏ ఊరివాడు, ఏం తిని చదివాడు, ఎవరు చదివించారు అన్నది బిట్ బ్యాంకులో ఉండదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వార్షిక సంచికలో ఆయన గురించి రాయాలనిపించింది అందుకే.

హరగోబింద్ ఖొరానా అవిభక్త భారతదేశంలోని పంజాబ్‌లో, ముల్తాన్ ప్రాంతంలో రాయ్‌పూర్ అనే చిన్న పల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. రికార్డుల్లో ఆయన పుట్టిన తేదీ 1922 జనవరి 9. అది నిజమైన తేదీయో కాదో ఎవరికీ తెలియదు. మన అడ్మిషన్ రిజిస్టర్లలో జూన్ నెలలోనే ఎంతమంది పుట్టినట్టు రాసి ఉందో చూస్తే, ఈ సంగతి మనకు వింతగా అనిపించదు.

నలుగురు అన్నదమ్ములు, ఒక్క అక్క ఉన్న ఆ ఇంట్లో ఆయనే చివరివాడు. తండ్రి గణపత్ రాయ్ బ్రిటిష్ ప్రభుత్వంలో పట్వారీ. తెలంగాణలో పట్వారీ అన్నా, కోస్తా వైపు కరణం అన్నా పెద్దవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. భూముల లెక్కలు, శిస్తు లెక్కలు రాసే ఉద్యోగం అది. జీతం చాలా తక్కువ. రాయ్‌పూర్‌లో ఉన్నది సుమారు 100 మంది. వాళ్ళలో చదవడం, రాయడం వచ్చినది దాదాపు ఈ ఒక్క కుటుంబానికే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పేదరికంలో పుట్టి నోబెల్ సాధించాడని ఖొరానా గురించి అందరూ రాస్తారు. పేదరికం నిజమే. కానీ ఆ ఇంట్లో అక్షరం ఉంది. పిల్లలను చదివించి తీరాలన్న పట్టుదల ఉన్న తండ్రి ఉన్నాడు. వేలిముద్ర వేసే తల్లిదండ్రుల ఇంటి నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టిన వాళ్ళం మన హాస్టల్లో ఎంతోమందిమి. ఖొరానాకు దొరికిన ఆ మొదటి మెట్టు మనలో చాలామందికి దొరకలేదు. ఇది ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి చెప్పడం లేదు. ఆ కుటుంబంలో తండ్రి చదువుకున్న ఆ కొంచెం చదువు ఎంత పని చేసిందో చూడమనే చెబుతున్నాను.

ఊళ్ళో బడి భవనం లేదు. మొదటి నాలుగేళ్ళ చదువు చెట్టు కిందే సాగింది. ఇంట్లో పొయ్యి రాజేయడానికి అగ్గిపెట్టె కూడా అపురూపమైన రోజులవి. పొద్దున్నే లేచి ఏ ఇంటి మీద పొగ లేస్తోందో చూసి, అక్కడికి వెళ్ళి నిప్పు అడిగి తెచ్చి తల్లి కృష్ణాదేవికి ఇవ్వడం ఆ చిన్నవాడి పని. మన ఊళ్ళలో కూడా పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకున్న సంగతులు అమ్మమ్మలు చెబుతూ ఉంటారు కదా, అలాంటిదే.

తర్వాత ముల్తాన్‌లో డీఏవీ హైస్కూల్లో చేరారు. అక్కడ రతన్ లాల్ అనే ఉపాధ్యాయుడు ఆయన మీద మంచి ప్రభావం చూపారు. హైస్కూలు పూర్తిచేసి లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురైంది. ఇంగ్లీషు సాహిత్యం చదవాలా, రసాయన శాస్త్రం చదవాలా అన్నది ఒక సందేహం. దాన్ని మించినది ఇంటర్వ్యూ. ఆయన స్వతహాగా సిగ్గరి. నలుగురి ముందు కూర్చుని మాట్లాడాలంటే కాళ్ళు ఆడవు. రసాయన శాస్త్రం సీటు కోసం జరిగిన ఇంటర్వ్యూకు వెళ్ళనే లేదు. మామూలుగా అయితే ఆ కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ ఆ విభాగంలో మహాన్ సింగ్ అనే అధ్యాపకుడు దరఖాస్తును బట్టే ఆయనకు సీటు ఇచ్చారు. ఆ మహాన్ సింగే తర్వాత ఆయనకు ప్రయోగం ఎంత కచ్చితంగా చేయాలో నేర్పిన గురువు అయ్యారు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఇంటర్వ్యూ గది ముందు నుంచి ఎందుకు వెనక్కి వెళ్ళిపోతాడో అర్థం చేసుకున్న మాస్టారు అన్ని చోట్లా ఉండరు. లాహోర్‌లో ఒకరు ఉన్నారు.

1943లో బీఎస్సీ, 1945లో ఎమ్మెస్సీ పూర్తయ్యాయి. అదే ఏడాది భారత ప్రభుత్వం ఇచ్చిన ఫెలోషిప్పుతో ఇంగ్లండు వెళ్ళారు. ఆ ప్రభుత్వ సొమ్మే లేకపోతే పట్వారీ కొడుకు ఓడ ఎక్కగలిగేవాడు కాదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రోజర్ బీర్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1948లో పీహెచ్‌డీ పొందారు.

ఆ తర్వాత స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో వ్లాదిమిర్ ప్రెలాగ్ అనే మహా రసాయన శాస్త్రవేత్త దగ్గర దాదాపు ఏడాది పనిచేశారు. అక్కడ ఆయనకు స్టైపెండ్ లేదు. దాచుకున్న కొద్దిపాటి డబ్బుతో నెట్టుకొచ్చారు. రసాయన శాస్త్రంలో పాత గ్రంథాలు ఎక్కువగా జర్మన్ భాషలో ఉండేవి. ఆ భాష నేర్చుకుని పాత సంపుటాలు తిరగేస్తుంటే కార్బోడైఇమైడ్లు అనే రసాయనాల గురించి కనబడింది. అప్పటికి వాటిని దాదాపు అందరూ మరిచిపోయారు. రెండు అణువుల మధ్య నుంచి నీటిని లాగేసి వాటిని ఒకదానికొకటి అతికించే గుణం వాటికి ఉంది. జీతం లేని ఆ నెలల్లో లైబ్రరీలో దొరికిన ఈ సంగతే తర్వాత ఆయన జీవితానికి ఆధారమైంది.

1949లో స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికి దేశం రెండు ముక్కలైంది. పుట్టిన ఊరు సరిహద్దుకు అవతల ఉండిపోయింది. కుటుంబం శరణార్థులుగా ఢిల్లీ చేరింది. లివర్‌పూల్ డాక్టరేటు, జ్యూరిచ్ అనుభవం చేతిలో ఉన్న 27 ఏళ్ళ యువకుడు ఉద్యోగం కోసం తిరిగారు. దొరకలేదు. స్వతంత్రం వచ్చిన తొలి రోజులు, లక్షల మంది శరణార్థులు, ఖాళీ ఖజానా. ఇలా కారణాలు ఎన్నైనా చెప్పుకోవచ్చు. కానీ ప్రభుత్వ ఖర్చుతోనే చదివి వచ్చిన మనిషికి కూర్చోవడానికి ఒక ప్రయోగశాల బల్ల చూపించలేకపోయాం. ఆయన మళ్ళీ ఇంగ్లండు వెళ్ళిపోయారు. కేంబ్రిడ్జ్‌లో కెన్నర్, అలెగ్జాండర్ టాడ్‌ల దగ్గర 1952 వరకు ఉన్నారు. టాడ్ న్యూక్లియోటైడ్ల మీద పనిచేస్తున్న దిట్ట. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలు ఆ న్యూక్లియోటైడ్ల గొలుసులే. ఖొరానా దారి అక్కడ ఖాయమైంది.

1952లో కెనడాలోని వాంకూవర్ నుంచి పిలుపు వచ్చింది. బ్రిటిష్ కొలంబియా రీసెర్చ్ కౌన్సిల్‌కు అధిపతిగా ఉన్న గోర్డన్ ష్రమ్ ఆయనకు చెప్పుకోదగ్గ పరికరాలు ఇవ్వలేకపోయినా, తనకు నచ్చిన పని చేసుకునే స్వేచ్ఛ ఇచ్చారు. అదే ఏడాది ఎస్తర్ సిబ్లర్ అనే స్విట్జర్లాండు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. వారికి ముగ్గురు పిల్లలు.

జ్యూరిచ్‌లో చదివిన ఆ అతుకుడు రసాయనం ఇక్కడ పనికి వచ్చింది. దాంతో 1954లో ఏటీపీని ప్రయోగశాలలో తయారుచేసే కొత్త పద్ధతి ఇచ్చారు. ఈ ఏటీపీ మన కణాల్లో శక్తిని మోసే అణువు. దాన్ని 1929లో అమెరికాలో కండరాల నుంచి వేరుచేసిన ఇద్దరిలో ఒకరు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన కూడా అమెరికా వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. 1959లో జాన్ మొఫాట్‌తో కలిసి ఖొరానా కోఎంజైమ్ ఏ అనే మరింత క్లిష్టమైన అణువును తయారుచేశారు. అంతదాకా దాన్ని ఈస్టు నుంచి చాలా ఖర్చు పెట్టి తీయాల్సి వచ్చేది. ఆర్థర్ కోర్న్‌బర్గ్ అంతటివారు పని నేర్చుకోవడానికి ఆ చిన్న వాంకూవర్ ప్రయోగశాలకు వచ్చారు. 1960లో ఖొరానా అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి, మాడిసన్ పట్టణానికి మారారు. నోబెల్ తెచ్చిన పని అక్కడ జరిగింది.

ఆ పని ఏమిటో కొంచెం ఓపిగ్గా చదవండి. ఇంటర్ బైపీసీ వాళ్ళకు ఇది పాఠంలో వస్తుంది. పదో తరగతి వాళ్ళకు కూడా అర్థమవుతుంది.

మన శరీరం ప్రొటీన్లతో నడుస్తుంది. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చిన దండ. ఏ పూస తర్వాత ఏ పూస రావాలో డీఎన్‌ఏలో రాసి ఉంటుంది. డీఎన్‌ఏకు ఉన్నవి నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. దాని నకలైన ఆర్‌ఎన్‌ఏలో టీ బదులు యూ ఉంటుంది. నాలుగు అక్షరాలను రెండేసి చొప్పున కలిపితే 16 మాటలే వస్తాయి. 20 పూసలకు అవి చాలవు. మూడేసి కలిపితే 64 వస్తాయి. కాబట్టి ఒక్కో మాట మూడక్షరాలది కావాలి. కానీ ఏ మాటకు ఏ పూస? ఆ నిఘంటువే ఎవరి దగ్గరా లేదు.

మొదటి మాటను 1961లో అమెరికాలోనే మార్షల్ నీరెన్‌బర్గ్, హైన్రిచ్ మథాయి అనే ఇద్దరు విప్పారు. అన్నీ యూలే ఉన్న ఆర్‌ఎన్‌ఏను కణాల రసంలో వేస్తే ఫినైల్ అలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లమే దండగా వచ్చింది. అంటే యూయూయూ అన్న మాటకు అర్థం అదన్నమాట. మరి రకరకాల అక్షరాలు కలిసిన మాటల సంగతి? అక్షరాల వరస కచ్చితంగా తెలిసిన ఆర్‌ఎన్‌ఏ చేతిలో ఉంటే తప్ప అవి తేలవు. అలాంటి దాన్ని తయారుచేయగల చెయ్యి ఖొరానాది.

ఆయన ముందుగా రసాయన పద్ధతిలో చిన్న డీఎన్‌ఏ ముక్కలు కట్టారు. వాటిని ఎంజైముతో పొడవుగా పెంచారు. వాటి నుంచి మరో ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏ నకలు తీశారు. ఉదాహరణకు యూసీయూసీయూసీ అంటూ రెండే అక్షరాలు మార్చి మార్చి వచ్చే దండ తీసుకోండి. దాన్ని మూడేసి చొప్పున విడదీస్తే యూసీయూ, సీయూసీ, మళ్ళీ యూసీయూ, సీయూసీ. ఎక్కడ మొదలుపెట్టినా రెండే మాటలు, ఒకదాని తర్వాత ఒకటి. వచ్చిన ప్రొటీన్‌లో కూడా సెరీన్, లూసిన్ అనే రెండే పూసలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మాట మూడక్షరాలదే అనడానికి ఇంతకన్నా తేటైన రుజువు ఉండదు. నాకైతే ఈ ఒక్క ప్రయోగం చదివినప్పుడల్లా కాగితం మీద పెన్సిలుతో మళ్ళీ చేసి చూడాలనిపిస్తుంది. మీరూ చేసి చూడండి. తర్వాత ఏఏజీ అనే మూడక్షరాలను మళ్ళీ మళ్ళీ రాసి చూడండి. మొదటి అక్షరం నుంచి చదివితే అన్నీ ఏఏజీలే, రెండో అక్షరం నుంచి చదివితే అన్నీ ఏజీఏలే, మూడో దాని నుంచి అయితే అన్నీ జీఏఏలే. ప్రయోగంలో కూడా మూడు వేర్వేరు దండలు వచ్చాయి. ఒకటి లైసిన్‌ది, ఒకటి ఆర్జినిన్‌ది, ఒకటి గ్లుటామిక్ ఆమ్లానిది.

నాలుగక్షరాల దండల్లో కొన్ని మాత్రం పొడవైన ప్రొటీన్ ఇవ్వలేదు. జీయూఏఏ అనే వరసను మళ్ళీ మళ్ళీ రాసి మూడేసి చొప్పున విడదీస్తే మధ్యలో యూఏఏ తగులుతుంది. అది పూసను తెచ్చే మాట కాదు. వాక్యం చివర చుక్క లాంటిది. దండ అక్కడ ఆగిపోతుంది. ఇలా 64 మాటల్లో దేని అర్థం ఏమిటో 1966 నాటికి తేలిపోయింది. మూడక్షరాల ముక్కలు మొత్తం 64 కూడా ఖొరానా ప్రయోగశాలలో తయారయ్యాయి.

1968లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఖొరానా, నీరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలకు కలిపి ఇచ్చారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. మన జీకే పుస్తకాలు ఆయన్ని భారత నోబెల్ విజేతల జాబితాలో రాస్తాయి. కానీ 1966లోనే ఆయన అమెరికా పౌరుడయ్యారు. అందుకే భారత సంతతి అని ఉన్న ఆప్షన్ ఉంటే దాన్నే ఎంచుకోండి.

చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. ఆయన అంతకన్నా పెద్ద పని నెత్తిన వేసుకున్నారు. చదవడం తెలిసింది కదా, ఇక రాయడం నేర్చుకోవాలి అనుకున్నట్టు, ఒక పూర్తి జన్యువును బీకరులో తయారుచేయడానికి పూనుకున్నారు. ఏ జన్యువును? అప్పటికి అక్షరాల వరస తెలిసినవే బహు తక్కువ. ఈస్టులో అలనిన్‌ను మోసే టీఆర్‌ఎన్‌ఏ అక్షరాలను హోలీ 1965లో చదివారు. దాన్నే ఎంచుకున్నారు. 77 అక్షరాల జోడు గొలుసు. చిన్న చిన్న ముక్కలుగా చేసి, వాటి అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా అమర్చి, లైగేజ్ అనే ఎంజైముతో అతికించారు. చాలామంది కలిసి ఏళ్ళ తరబడి చేశారు. 1970లో అది పూర్తయిందని ప్రకటించారు. అదే ఏడాది ఆయన ఎంఐటీకి మారారు.

అయితే ఆ జన్యువు కణంలో పనిచేయలేదు. దానికి ముందు మొదలుపెట్టు అని చెప్పే అక్షరాలు, వెనుక ఆపు అని చెప్పే అక్షరాలు లేవు. వాటి వరస అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకని రెండో జన్యువుగా ఈ.కోలి బ్యాక్టీరియాలోని టైరోసిన్ టీఆర్‌ఎన్‌ఏను తీసుకున్నారు. దాని పక్కన ఉన్న అక్షరాలను చదవడానికి ఆయన బృందం ఒక ఉపాయం వాడింది. తాము తయారుచేసిన చిన్న డీఎన్‌ఏ ముక్కను అసలు గొలుసుకు సరైన చోట అంటించి, ఎంజైముతో దాన్ని పొడిగిస్తూ ఒక్కో అక్షరం తెలుసుకున్నారు. ఆ పని 1974లో ప్రచురణ అయింది. 1976లో ఆ కృత్రిమ జన్యువు బ్రతికున్న బ్యాక్టీరియాలో పనిచేసింది. ముందూ వెనుకా ఉన్న సంకేతాలతో కలిపి దాని పొడవు 200 జతల పైచిలుకు.

అంతకు ముందు చేసిన మరో సంగతి కూడా చెప్పాలి. 1971లో ఆయన ప్రయోగశాలలో పనిచేసిన నార్వే శాస్త్రవేత్త కెల్ క్లెప్పే తదితరులు ఒక వ్యాసం ప్రచురించారు. జన్యువుకు రెండు చివర్ల రెండు చిన్న ముక్కలు పెట్టి ఎంజైము వేస్తే నకళ్ళు వస్తాయని, మళ్ళీ మళ్ళీ అలా చేయవచ్చని అందులో ఉంది. ఆ రోజుల్లో అలాంటి ముక్కలు తయారుచేయడమే గగనం కాబట్టి దాన్ని ఎవరూ ముందుకు తీసుకెళ్ళలేదు. 1983లో అమెరికాలో కేరీ ముల్లిస్‌కు ఇలాంటి ఆలోచనే వచ్చింది. దాని పేరు పీసీఆర్. 2020లో కరోనా పరీక్షకు మన ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనా వెళ్ళింది ఆ పీసీఆర్‌కే. ముల్లిస్‌కు 1993లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆయనతో పాటు ఆ బహుమతి అందుకున్న మైకేల్ స్మిత్ 1956లో వాంకూవర్‌లో ఖొరానా దగ్గర చేరి పని నేర్చుకున్న మనిషి.

డీఎన్‌ఏ అక్షరాలు చదివే ప్రసిద్ధ పద్ధతిని 1977లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ శాంగర్ ఇచ్చారు. ఆ పద్ధతికి కూడా ముందుగా ఒక చిన్న డీఎన్‌ఏ ముక్క కావాలి. ఖొరానా శిష్యుల్లో ఒకరైన మార్విన్ కారుథర్స్ 1980ల మొదట్లో ఆ ముక్కలను యంత్రంతో త్వరగా తయారుచేసే రసాయన మార్గం చూపారు. ఒకప్పుడు ప్రయోగశాల మొత్తం నెలల తరబడి చేసిన ముక్క ఇప్పుడు ఆర్డరు పెడితే కొద్ది రోజుల్లో కవరులో వస్తుంది. 2003లో పూర్తయిందని ప్రకటించిన మానవ జీనోము చదువుకైనా, ఈ రోజు ఒకే ఒక్క కణాన్ని విడిగా తీసుకుని అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసే పద్ధతులకైనా ఈ చిన్న ముక్కలు లేనిదే అడుగు పడదు. ఒక్కో కణానికి ఒక్కో గుర్తు ముక్క తగిలించి, తర్వాత అన్నిటినీ కలిపి చదివి, ఏది ఎక్కడిదో ఆ గుర్తుతో విడదీస్తారు.

ఖొరానా మాత్రం అప్పటికే ఆ రంగం వదిలేశారు. 50 ఏళ్ళు దాటాక, కణాల పొరల్లో ఉండే ప్రొటీన్ల వైపు మళ్ళారు. కంటిలో వెలుతురును పట్టే రొడాప్సిన్ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ ప్రొటీన్ జన్యువులో తప్పు వస్తే రేచీకటితో మొదలై క్రమంగా చూపు పోయే జబ్బు కొందరికి వస్తుంది. కొత్త రంగంలో మళ్ళీ విద్యార్థిలా మొదలుపెట్టడం నోబెల్ వచ్చిన వాళ్ళందరూ చేసే పని కాదు.

ఆయన చివరిదాకా మితభాషే. సభలు, సన్మానాలు, పత్రికల వాళ్ళు అంటే దూరం. దూర దూర నడకలు, సంగీతం, ప్రయోగశాల, అంతే. ఇంట్లో కష్టాలు తప్పలేదు. కూతురు ఎమిలీ 1979లో, భార్య ఎస్తర్ 2001లో చనిపోయారు. 2007లో ఎంఐటీలో పదవీ విరమణ చేశారు. అదే ఏడాది భారతీయ విద్యార్థులు అమెరికా ప్రయోగశాలల్లో, అక్కడివారు ఇక్కడ పని నేర్చుకునే ఏర్పాటు ఒకటి ఆయన పేరుతో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది.

2011 నవంబరు 9న మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ పట్టణంలో ఖొరానా కన్నుమూశారు. 2018 జనవరి 9న గూగుల్ తన మొదటి పేజీలో ఆయన బొమ్మ వేసింది. ఆ రోజు ఆయన 96వ జయంతి, రాయ్‌పూర్ పట్వారీ గారి చిన్నబ్బాయి నిజంగా ఏ రోజు పుట్టాడో ఎవరికీ తెలియకపోయినా.